ఇంకా ఖరారు కాని మార్పు గురించి పనివాళ్లకు ముందే చెప్పాలా? మా జిన్నింగ్ మిల్లులో జరిగింది

మీ గోదాములో కొత్త సిస్టమ్ వస్తోంది, సగం మందికి పని మారుతుంది, ఏదీ ఇంకా తేలలేదు, ఇప్పుడే చెబితే టెన్షన్ పడతారేమో అని అడిగారు. ఇప్పుడే చెప్పండి. వాళ్లు ఈపాటికే టెన్షన్‌లో ఉన్నారు, మీకు కనబడనివ్వడం లేదంతే.

నేను వరంగల్ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజలు తీసి దూది చేసే మిల్లులో, సూపర్‌వైజర్‌గా చేశాను. అప్పట్లో యార్డులోని పత్తిని ఆడవాళ్లు గంపలకెత్తుకుని మిషన్ల దాకా మోసేవాళ్లు. మొత్తం 42 మంది. ఆ మోతలో మట్టి, వెంట్రుకలు, గోనె పోగులు కలిసి దూదికి రేటు తగ్గేది. అందుకే పత్తిని లాక్కెళ్లే గాలి పైపులు పెట్టించాలని ఓనరు అనుకున్నారు. అందులో తప్పేం లేదు.

సీజన్ చివర్లో ఇంజనీరు వచ్చి టేపుతో కొలతలు తీసుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పొద్దని ఓనరు నాకు గట్టిగా చెప్పారు. ఆడవాళ్లు అడిగితే "ఏం లేదు, రిపేరు" అన్నాను. సాయంత్రానికి టీ కొట్టు దగ్గర మిల్లే మూసేస్తున్నారన్న మాట పుట్టింది. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడటం చూసిన ఊరు ఇది. మిషన్లు మారతాయంటే ఇక్కడి వాళ్లకు వినబడేది మూత అనే.

ఆ ఏడాది లోను ఆలస్యమై పైపులు రానే లేదు. కానీ దసరాకు సీజన్ మొదలయ్యేసరికి పనికొచ్చింది 19 మందే. గేటు బయట పత్తి ట్రాక్టర్లు వరసకట్టాయి. నేను ఆ ముఠాలో పెద్దదిక్కయిన అక్క ఇంటికి వెళ్లాను. "పని పోతదని కాదు సార్ మా బాధ. అడిగితే మొఖం మీదనే ఏం లేదన్నరు" అంది. నా దగ్గర జవాబు లేదు. అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. తర్వాత ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

మరుసటి జనవరిలో లోను వచ్చింది. ఈసారి అన్నాల వేళ అందరినీ కూర్చోబెట్టి లెక్క చెప్పాను. మిషన్ల దగ్గర 15 మంది ఉంటారు. 17 మంది యార్డులో పత్తి ఆరబెట్టి, చెత్త, గుడ్డికాయ ఏరాలి. మా మిల్లులో సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) కొనుగోళ్లు కూడా జరిగేవి. తేమ 12 శాతం దాటితే వాళ్లు కొనరు కాబట్టి ఆ పని నిజంగానే ఉంది. మిగిలిన పది మందికి వచ్చే సీజన్‌లో పని లేదు.

"ఆ పది మంది ఎవరు?" అన్నారు. ఇంకా తేలలేదు, శనివారం చెప్తానన్నాను. శనివారానికీ ఓనరు తేల్చలేదు. తప్పించుకు తిరగాలనిపించింది, నిజం. అయినా వెళ్లి, ఇంకా తేలలేదు, మళ్లీ శనివారం వస్తానని చెప్పాను. తిడతారనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు, నీళ్లిచ్చి కూర్చోమన్నారు.

పేర్లు తేలాక అందరి ముందు చదవలేదు. ఆ పది మందికీ ముందు విడివిడిగా చెప్పాను. ఇద్దరు ఏడ్చారు. ఒకామె ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆమె కోపం న్యాయమైనదే. తర్వాతి దసరాకు మాత్రం 32 మందిలో 31 మంది మొదటి రోజే వచ్చారు.

మీరూ తెలిసినంత చెప్పండి, తెలియనిది తెలియదనండి, మళ్లీ ఏ రోజు చెప్తారో అనండి. కొత్త కబురు లేకపోయినా ఆ రోజు వెళ్లండి. జీతాల గురించి మాత్రం మీ నోటితో మాట ఇవ్వకండి, అది మీ చేతిలో లేదు. మా ఓనరును నేనే బతిమాలి యార్డుకు తీసుకొచ్చాను. ఆయన పత్తి కుప్ప పక్కన నిలబడి, యార్డు పనికి మారినవాళ్లకు పాత కూలీయే ఇస్తానని రెండు నిమిషాల్లో చెప్పి వెళ్లారు. నేను పదిసార్లు చెప్పినా వాళ్లు నమ్మని మాట అది.