పై వరుస, కింది వరుస

ప్రశ్న: నేను డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తాను. సామాజిక సమస్యల మీద అంతర్జాలంలో వచ్చే వ్యాసాలను విశ్లేషించి రమ్మని పిల్లలకు చెబితే ఇద్దరు రెండు వ్యాసాలు తెచ్చారు. దేశంలో మగవారికన్నా ఆడవారే ఎక్కువయ్యారనీ, ఆడపిల్ల పట్ల వివక్ష ఇక పాత మాటేననీ ఒక వ్యాసం అంటోంది. వెయ్యికి 71 మంది ఆడపిల్లలను కడుపులోనే చంపేస్తున్నామని రెండోది అంటోంది. రెండూ చూపుతున్న ఆధారం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే. తరగతిలో ఏం చెప్పాలో తోచక వచ్చే వారానికి వాయిదా వేశాను.
– ఒక అధ్యాపకురాలు, ఖమ్మం

జవాబు: వాయిదా వేసి మంచి పనే చేశారు. ఇద్దరు వ్యాసకర్తల్లో ఎవరూ అంకెలను కల్పించలేదు. 2021 నవంబరులో విడుదలైన అయిదో విడత సర్వే పట్టికలో, మొత్తం జనాభాలో వెయ్యి మంది పురుషులకు 1020 మంది స్త్రీలు ఉన్నట్టు ఒక వరుస ఉంది. సరిగ్గా దాని కింది వరుసలో, అంతకు ముందు అయిదేళ్లలో పుట్టిన పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 929 మంది ఆడపిల్లలే ఉన్నట్టు ఉంది. ఒకరు పై వరుస దగ్గర ఆగిపోయారు, మరొకరు కింది వరుస నుంచి మొదలుపెట్టారు. మన రాష్ట్రాల పట్టికల్లో ఈ ఎడం ఇంకా పెద్దది: తెలంగాణలో పై వరుస 1049, కింది వరుస 894, ఆంధ్రప్రదేశ్‌లో 1045, 934.

ముందు 1020 సంగతి చూద్దాం. ఈ సర్వే దేశమంతటా ఎంపిక చేసిన సుమారు 6 లక్షల 37 వేల ఇళ్లలో జరిగింది, ముందు రోజు రాత్రి ఆ ఇంట్లో నిద్రించినవారే ఈ నిష్పత్తి లెక్కలోకి వచ్చారు. సైనికుల బ్యారక్‌లు, హాస్టళ్లు, జైళ్లు, ఇల్లూ వాకిలీ లేనివారు ఇందులో లేరు. శ్రీకాకుళం నుంచి హైదరాబాదుకు వచ్చి, కట్టుబడి జరిగే చోటే రేకుల షెడ్డులో పడుకునే కూలీ ఆ రాత్రి సొంతింట్లో లేడు కనుక అక్కడ లెక్కకు రాడు, ఇక్కడి షెడ్డు సర్వేవారి ఇళ్ల జాబితాలో ఉండే అవకాశమూ తక్కువే. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవారి సంగతి సరేసరి. స్త్రీల ఆయుర్దాయం పురుషులకన్నా ఎక్కువన్న మాట నిజమే కానీ, పల్లెల్లో 1037, పట్టణాల్లో 985 అన్న తేడాను ఆయుర్దాయంతో సరిపెట్టలేం. బ్యారక్‌లనూ హాస్టళ్లనూ నిలువ నీడ లేనివారినీ కలుపుకొని లెక్కించిన 2011 జనగణనలో ఈ నిష్పత్తి 943 మాత్రమే.

ఇంకొక ఆధారం సర్వే చరిత్రలోనే ఉంది. ఇదే నిష్పత్తి 2005-06 విడతలో 1000, 2015-16 విడతలో 991, తర్వాతి విడతలో 1020. కోట్ల జనాభాలో స్త్రీ పురుషుల నిష్పత్తి పదిహేనేళ్లలో అలా ఉయ్యాల ఊగదు. ఊగినది జనాభా కాదు, సర్వేవారు తలుపు తట్టే వేళకు ఇళ్లలో దొరికినవారి లెక్క. సర్వేను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, ఎందుకంటే తల్లీబిడ్డల ఆరోగ్యం, పోషణ వంటి విషయాలు తెలుసుకోవడానికి ఏర్పాటైన సర్వే అది. దాని చేత జనగణన పని చేయించబోయినవారు శీర్షికలు పెట్టినవారు.

రెండో వ్యాసం సదుద్దేశంతో రాసినదే అయినా లెక్క తప్పింది. వెయ్యిలోంచి 929 తీసేసి, మిగిలిన 71నీ హత్యలుగా చూపింది. ఎవరి జోక్యమూ లేకపోయినా ప్రకృతిలో మగ శిశువులే కాస్త ఎక్కువగా పుడతారు. వెయ్యి మంది మగపిల్లలకు సుమారు 950 మంది ఆడపిల్లలు పుట్టడం సహజం. కనుక కొలవవలసిన లోటు 71 కాదు, ఇరవై చిల్లర. దేశమంతటి జననాలకు ఆ లెక్కను వర్తింపజేసినా అది చిన్న సంఖ్య కాదు, దాన్ని మూడింతలు చేసి చూపించవలసిన అవసరమే లేదు. లింగనిర్ధారణ పరీక్షలను నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చిన దేశంలో ఈ అంశంపై ఆవేశం కలగడం సహజం. అయితే ఎదుటివారు తీసివేత తప్పు పట్టుకోగలిగితే అసలు వాదనే వీగిపోతుంది. రాష్ట్రాల అంకెల విషయంలో ఇంకొంత జాగ్రత్త కావాలి: రాష్ట్రం స్థాయిలో సర్వేకు దొరికే జననాలు తక్కువ కనుక, తెలంగాణలో కింది వరుస అంకె 2015-16 విడతలోని 872 నుంచి 894కు చేరిందన్న పెరుగుదలను నిజమైన మార్పుగా వెంటనే నమ్మకూడదు.

మీ విద్యార్థుల చేత ఆ పట్టికనే తెరిపించండి. ప్రతి అంకె పక్కన అందులో ఎవరు చేరారో, ఎవరు చేరలేదో ఒక్క వాక్యంలో రాయించిన తర్వాతే వ్యాసకర్త అభిప్రాయం మీద చర్చ పెట్టండి. మొదటి వ్యాసం సగం అక్కడే కూలిపోతుంది. రెండోదానికి మరమ్మతు చాలు.

ప్రశ్న: కరోనా ఏడాదిలో బాల్య వివాహాలు యాభై శాతం పెరిగాయని ఒక వ్యాసంలో చదివాను. మా మండలంలో నేను చూసినదాన్ని బట్టి నమ్మబుద్ధి అవుతోంది. నమ్మవచ్చా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: మీరు కళ్లారా చూసినదాన్ని కాదనను, కానీ ఆ యాభై శాతం దానికి రుజువు కాదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం బాల్య వివాహ నిషేధ చట్టం కింద 2019లో 523 కేసులు, 2020లో 785 కేసులు నమోదయ్యాయి. పెరిగినవి కేసులు. దేశంలో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న స్త్రీలలో 23.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని పైన చెప్పిన సర్వే తేల్చింది. తెలంగాణలో అది 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. ఇంతటి చోట 785 కేసులంటే సముద్రంలో కాకిరెట్ట. 2020లో అత్యధికంగా 184 కేసులు నమోదైన కర్ణాటకలో బాల్య వివాహాల శాతం 21.3, అంటే దేశ సగటుకన్నా తక్కువ, 40.8 శాతం ఉన్న బీహార్‌లో అన్ని కేసులు లేవు. కేసులు ఎక్కువగా ఉన్నచోట పెళ్లిళ్లు ఎక్కువో, పట్టించుకునే యంత్రాంగం ఎక్కువో ఆ అంకె చెప్పదు.

జిల్లా పేజీల్లో 'బాల్య వివాహాన్ని అడ్డుకున్న అధికారులు' అన్న వార్త మీరు ఎన్నోసార్లు చదివి ఉంటారు. అంగన్‌వాడీ కార్యకర్తో, పిల్లల సహాయ నంబరు 1098కి వచ్చిన ఫోనో సమాచారం అందిస్తుంది, అధికారులు వెళ్లి తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇచ్చి హామీపత్రం రాయించుకుంటారు. చాలాసార్లు కథ అక్కడితో ముగుస్తుంది, కేసు దాకా పోదు. పోనీ సర్వేనే నమ్ముదామా అంటే, ఆ స్త్రీలలో చాలామంది పెళ్లిళ్లు సర్వేకు ఎన్నో ఏళ్ల ముందే జరిగినవి కనుక 2020లో ఏం జరిగిందో అదీ చెప్పదు. ఆ వ్యాసకర్త 'నమోదైన కేసులు' అన్న రెండు మాటలు రాసి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు.

ప్రశ్న: డాలస్‌లో ఉండే మా అబ్బాయి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో రోజూ వ్యాసాలు పంపుతుంటాడు. ఏది వార్తో, ఏది అభిప్రాయమో పోల్చుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అచ్చు పత్రికలో సంపాదకీయం పేజీ అంటూ ఒకటి ఉంటుంది కనుక ఆ తేడా చెప్పకనే తెలిసేది. ఫోనులో బొమ్మ, శీర్షిక మాత్రమే కనిపిస్తాయి. పైగా ఆ శీర్షిక చాలాసార్లు రాసినవారు పెట్టినది కాదు, డెస్కులో పెట్టినది. అందుచేత వ్యాసాన్ని తెరిచి అడుగుదాకా వెళ్లండి. 'వ్యాసకర్త విశ్రాంత అధికారి' అనో, 'అభిప్రాయాలు వ్యక్తిగతం' అనో ఉంటే అది అభిప్రాయం. అది లేకపోతే, సమాచారం ఎవరు ఇచ్చారో, ఎక్కడ, ఎప్పుడు ఇచ్చారో మొదటి రెండు పేరాల్లో ఉందేమో చూడండి. వార్త అయితే ఉండాలి. తేదీ కూడా చూడండి. 2021 నాటి 1020 శీర్షిక ఈ వారం మీ గ్రూపులోకి వస్తే, అది కొత్త వార్త కాదని మీ అబ్బాయికి ముందు మీరే చెప్పవచ్చు.