పైపు ఆకారాల్లో నా మొగ్గు పొడవు కాడ వైపే

పొగాకు పైపుల్లో ఏ ఆకారం మీకు నచ్చుతుంది, వంపు పైపు మేలా, తిన్నని పైపు మేలా అని అడిగారు. నా మట్టుకు నాకు తిన్నని పైపే ఇష్టం. అందులోనూ కర్ర కాడ పొడవుగా, మౌత్‌పీస్ పొట్టిగా ఉండే కెనేడియన్, లోవాట్ రకాలంటే మరీ ఇష్టం. పొగను గుండెల్లోకి పీల్చకపోయినా పైపు వల్ల నోటి క్యాన్సర్ ముప్పు ఉండనే ఉంటుంది కనుక, ఇప్పటికే అలవాటున్నవారిని ఉద్దేశించి మాత్రమే ఇది రాస్తున్నాను.

పైపు బాగా కాలడానికి బయటి ఆకారం కన్నా కాడ లోపల పొగ వచ్చే రంధ్రమే ముఖ్యమని నా అభిప్రాయం. ఆ రంధ్రం, పొగాకు నింపే గిన్నె అడుగుకు ఆనుకుని తెరుచుకోవాలి. కాస్త పైకి తెరుచుకుంటే అడుగున కొంత పొగాకు కాలకుండా తడిగా మిగిలిపోతుంది. తిన్నని పైపులో గిన్నె నుంచి నోటి వరకు దారి ఒకే వరుసలో ఉంటుంది కాబట్టి తొలిచేవారికి పని తేలిక, వాడేవారికి శుభ్రం చేసుకోవడం తేలిక. పొగాకు కాలేటప్పుడు పుట్టే ఆవిరి కాడలో చల్లబడి నీరవుతుంది. ఆ నీరు చేరి పైపు గుడగుడమనడం మొదలైనప్పుడు, తిన్నని పైపైతే, క్లీనర్‌ను (పైపు తుడిచే, నూలు చుట్టిన సన్నని తీగను) మౌత్‌పీస్ లోంచి దూర్చి గిన్నె అడుగు దాకా పోనిచ్చి, ఒక్క క్షణం ఆపి, తడిసిన క్లీనర్‌ను వెనక్కి లాగేసి మళ్లీ కాల్చుకోవచ్చు. వంపు పైపుల్లో చాలావాటిలో క్లీనర్ మౌత్‌పీస్, కాడ కలిసే చోట తట్టుకుని ఆగిపోతుంది. వేడి మీద మౌత్‌పీస్ ఊడదీస్తే అతుకు వదులవుతుంది, ఒక్కోసారి కాడే చీలుతుంది. అందుకని పైపు చల్లారేదాకా ఆ గుడగుడను భరించాల్సిందే. ఈ ఇబ్బందికి విరుగుడుగానే డబ్లిన్‌లో పైపులు చేసే పీటర్సన్ 1890లో తన సిస్టమ్ పైపుకు పేటెంట్ పొందారు. అందులో నీరు చేరడానికి కాడలోనే ఒక చిన్న గుంట ఉంటుంది. ఆలోచన గొప్పదే, కానీ ఆ గుంటను కూడా తుడుచుకోవాలి కదా!

కెనేడియన్‌కూ లోవాట్‌కూ తేడా ప్రధానంగా కాడలో ఉంది. కెనేడియన్ కాడ కోలగా, నొక్కినట్టు ఉంటుంది. లోవాట్ కాడ గుండ్రంగా ఉంటుంది. కోల కాడ వేళ్ల మధ్య దొర్లదు, బల్ల మీద పక్కకు పడుకోబెట్టినా కదలదు. పొడవు కాడ వల్ల పొగ చల్లబడుతుందని కొందరు గట్టిగా చెబుతారు. నాకు ఆ తేడా పెద్దగా తెలియలేదు. నాకు నచ్చేది మౌత్‌పీస్ పొట్టిగా ఉండటం. ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన మౌత్‌పీస్ వెలుతురు తగిలేకొద్దీ నలుపు పోయి పసుపు, ఆకుపచ్చ కలిసిన మురికి రంగుకు తిరుగుతుంది, పెదవికి చేదు అంటుతుంది. అది ఎంత పొట్టిగా ఉంటే రుద్ది మెరుగుపెట్టే పని అంత తక్కువ. యాక్రిలిక్‌కు ఈ జబ్బు లేదు గానీ, పంటి కింద అది మరీ గట్టిగా ఉంటుంది. పైగా, పొడవు కాడ అంటే పొడవైన బ్రయర్ దిమ్మ కావాలి. మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా పొద మొదట్లో, కాండానికీ వేళ్లకూ నడుమ ఊరే బుడిపె నుంచి వచ్చే ఈ కర్రలో మచ్చలు, పగుళ్లు, ఇసుక రేణువులు మామూలే. కాబట్టి గిన్నె నుంచి కాడ కొస వరకు చార ఎక్కడా చెడకుండా సాగిన పైపు చేతికి వస్తే నేను దాన్ని తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోతాను.

వంపు పైపు గెలిచే చోటూ ఒకటుంది. రెండు చేతులకూ పని ఉండి పైపును పళ్ల మధ్యే బిగించి ఉంచాలంటే, తిన్నని పైపు బరువంతా ముందుకు లాగుతూ దవడను నొప్పి పెడుతుంది. వంపు పైపు గిన్నె గడ్డం దగ్గరకు వేలాడుతుంది కనుక ఆ లాగుడు తగ్గుతుంది, పొగ కూడా నేరుగా కళ్లలోకి రాదు. అలాంటప్పుడు నేను కొద్దిపాటి వంపున్న, పొట్టి గిన్నె గల తేలికైన ప్రిన్స్ పైపును ఎంచుకుంటాను. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్ పేరు మీద వచ్చిన ఊమ్ పాల్ వంటి నిండు వంపు పైపులు, పళ్లకు సుఖమే అయినా, నా చేతికి మరీ బొద్దుగా తోస్తాయి. కంటికి అందమైనది ఏదంటే మాత్రం, గిన్నె చుట్టూ రెండు గీతలతో, నాలుగు పలకల కాడతో ఉండే బుల్‌డాగే.

గిన్నె విషయానికి వస్తే, పలకలుగా నొక్కిన ఫ్లేక్ పొగాకుకు లోతుగా, ఇరుకుగా ఉన్నదీ, లటాకియా అనే, పొగబెట్టి ఆరబెట్టిన నల్ల పొగాకు కలిపిన మిశ్రమాలకు పాట్ ఆకారం వంటి వెడల్పు గిన్నె ఉన్నదీ నాకు కుదిరాయి. లోపలి వెడల్పు 19 లేదా 20 మిల్లీమీటర్లు ఉన్న, బిలియర్డ్ అనే సాదా ఆకారపు గిన్నె దాదాపు ఏ పొగాకుకైనా సరిపోతుంది.

మీరు కొత్త పైపు కొనేముందు, అమ్మేవారు ఒప్పుకుంటే, ఒక క్లీనర్‌ను లోపలికి పంపి చూడండి. అది అడ్డు లేకుండా గిన్నె అడుగున కనిపిస్తే, ఆ పైపు వంపుదైనా తిన్ననిదైనా నిశ్చింతగా తీసుకోవచ్చు.