పాపకు 18 నిండితే ఆస్పత్రిలో మా సంతకం చెల్లదా?

ప్రశ్న: మాది పుత్తూరు. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. హాస్టల్లో మాత్రలు మింగేసింది. గండం గడిచాక డాక్టర్ల సలహాతో తిరుపతిలో ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో చేర్చాం. కాగితాల మీద నేనే సంతకం పెట్టాను, వాళ్లమ్మ వార్డులోనే ఉంటోంది. వచ్చే వారం పాపకు 18 నిండుతాయి. ఇంకో రెండు వారాలు ఉండాలని డాక్టరు అంటున్నారు, పాపేమో ఇంటికి పోదామంటోంది. మేజరైతే మీ సంతకం చెల్లదు, ఆలోపే తీసుకొచ్చేయండని మా బావమరిది చెబుతున్నాడు. పోలీసు కేసు భయం కూడా ఉంది.

జవాబు: ముందు పోలీసు భయం వదిలేయండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఆస్పత్రివాళ్లు ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో-లీగల్ నమోదు) రాసినా, పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకున్నా అది మీ అమ్మాయి మీద కేసు కాదు.

ఇక సంతకం సంగతి. మైనర్‌ను చేర్చుకోవడం 87వ సెక్షన్ కింద జరుగుతుంది. తండ్రి అడిగితే సరిపోదు. ఇద్దరు నిపుణులు, అందులో ఒకరు తప్పనిసరిగా సైకియాట్రిస్టు, విడివిడిగా చూసి చేర్చుకోక తప్పదని తేల్చాలి. పెద్దవాళ్ల వార్డులో కాకుండా వేరుగా ఉంచాలి, తోడుగా మీ తరఫు మనిషి ఉండాలి. ఆడపిల్లకు తండ్రి ప్రతినిధిగా (వైద్యం విషయంలో రోగి తరఫున నిలబడే మనిషిగా) ఉంటే తోడు ఆడమనిషే కావాలి. వాళ్లమ్మ రాత్రంతా ఆ మంచం పక్కనే ఉండటం ఆస్పత్రి చూపిన దయ కాదు, చట్టం పెట్టిన షరతు.

మైనర్‌గా ఉన్నంతవరకు మీరు వద్దంటే డిశ్చార్జ్ చేయాల్సిందే. ఆ మాటకు మీ బావమరిది చెప్పింది నిజమే. కానీ పుట్టినరోజుకు భయపడి వైద్యం మధ్యలో ఆపించకండి. మాత్రలు మింగిన పిల్ల విషయంలో తేదీ చూసి కాదు, డాక్టరు మాట విని నిర్ణయం తీసుకోవాలి.

18 నిండిన రోజున ఆస్పత్రి ఆమెను ‘ఇండిపెండెంట్ పేషెంటు’గా మార్చాలి. 88వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది. ఆ రోజు నుంచి వైద్యానికి ఒప్పుకోవాల్సింది ఆమే. పోతానంటే పంపాలి. అయితే ఈమధ్యే ప్రాణం తీసుకోబోయిన మనిషి కాబట్టి, పరీక్షించడానికి డాక్టరు 24 గంటల వరకు ఆపవచ్చు. అప్పుడు ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి, ఉంచకపోతే ప్రమాదమని తేలిస్తే, 89వ సెక్షన్ కింద 30 రోజుల వరకు ఉంచవచ్చు. దానికి ప్రతినిధి దరఖాస్తు కావాలి. ఆడవాళ్ల విషయంలో 3 రోజుల్లోపు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. అది అన్యాయం అనిపిస్తే మీ అమ్మాయి బోర్డునే ఆశ్రయించవచ్చు.

ఆ ప్రతినిధిని ఇకపై ఆమే ఎంచుకుంటుంది. తెల్లకాగితం మీద ‘ఫలానావారిని నా ప్రతినిధిగా నియమించుకుంటున్నాను’ అని రాసి సంతకం చేస్తే చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. మీ పేరు కాకుండా వాళ్లమ్మ పేరో, పిన్ని పేరో రాస్తే నొచ్చుకోకండి. ఎవరికి మనసు విప్పి చెప్పగలదో ఆమెకే బాగా తెలుసు.

నన్నడిగితే, పుట్టినరోజుకు రెండు రోజుల ముందే డాక్టరును కూడా కూర్చోబెట్టుకుని అమ్మాయితో మాట్లాడండి. ‘ఇక సంతకం నీదే తల్లీ, డాక్టరుగారు ఇంకో రెండు వారాలు ఎందుకంటున్నారో నువ్వే అడుగు’ అనండి. దాచిపెట్టి ఆ రోజు ఫారం ముందు పెడితే తనను మోసం చేశారనుకుంటుంది. ఇంటికి ఎందుకు పోవాలనుకుంటోందో కూడా వినండి. వార్డులో నిద్ర పట్టకపోవడమో, ప్రాక్టికల్స్ టెన్షనో కావచ్చు, వాటిని అక్కడే సర్దవచ్చు.

ఎప్పుడు తీసుకొచ్చినా, ఇంటికి వెళ్లాక వైద్యం ఎలా సాగాలో, మళ్లీ ఎప్పుడు చూపించాలో రాయించుకోండి. మాత్రలు వాళ్లమ్మ దగ్గరే ఉండాలి. అర్ధరాత్రి భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఆస్పత్రితో పేచీ వస్తే చిత్తూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేసినా ఉచితంగా న్యాయ సాయం అందుతుంది.