భీమిలిలో సముద్రం కనబడే స్థలమా, లోపల పెద్ద స్థలమా?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. ఏడేళ్ళ కిందట మా ఇంట్లో రోజూ రాత్రి భోజనాల దగ్గర జరిగిన గొడవ ఇదే. విశాఖ–భీమిలి బీచ్ రోడ్డులో సముద్రం కనబడేలా 200 గజాలు తీసుకోవాలా, అదే డబ్బుకి తగరపువలస వైపు లోపలికెళ్ళి 350 గజాలు కొనాలా అని అడిగారు. రిటైరైన అమ్మానాన్నలు కూడా మీతోనే ఉంటారన్నారు. నన్నడిగితే రెండూ వద్దండి. బీచ్‌కి నడిచి వెళ్ళగలిగేంత దగ్గరలో, సముద్రం మాత్రం కనబడని చోట చూడండి. మేం చివరికి భీమిలి ఊళ్ళోనే, బీచ్‌కి పావుగంట నడక దూరంలో కట్టుకున్నాం.

మా ఆయనకి మాత్రం కిటికీలోంచి సముద్రం కనబడి తీరాలి. అందుకని కొనేముందు రోడ్డు పక్కనే, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక మేడ ఇల్లు ఏడాది అద్దెకి తీసుకున్నాం. మేం చేసిన తెలివైన పని అదొక్కటే. మన తీరం తూర్పు వైపు కదా, ఎండాకాలంలో ఐదున్నరకే సూర్యుడు నేరుగా మంచం మీదకి వచ్చేవాడు. ఎనిమిదయ్యేసరికి కర్టెన్లు వేసేయాల్సిందే. మధ్యాహ్నం తీద్దామంటే గాలితో పాటు ఇసుక. కిటికీ అద్దాలు తడిగుడ్డతో తుడిస్తే రెండో రోజుకే మళ్ళీ మసక, వేలితో రాస్తే ఉప్పు జిగురు. అద్దె కట్టింది సముద్రానికి, ఏడాదంతా చూసింది కర్టెన్లని.

ఒకసారి పది రోజులు హైదరాబాద్ వెళ్ళొచ్చాం. తాళం తిప్పితే చెవి విరిగి కప్పలోనే ఉండిపోయింది. పక్కింటి మామ్మ కొబ్బరినూనె తెచ్చింది, కొడుకు సుత్తి తెచ్చాడు, మొత్తానికి తాళం పగలగొట్టారు. "ఇనపది ఇక్కడ బతకదమ్మా, ఇత్తడిది కొనుక్కోండి" అంది. ఆ ఏడాదిలో గేటు బందులు, పిల్లాడి సైకిల్ చైన్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ అన్నీ తుప్పుపట్టాయి. అద్దె ఇల్లు కాబట్టి సరిపోయింది. అదే సొంతిల్లయితే శ్లాబులో ఐరన్‌కి కూడా ఇదే గతి కదా అన్న ఆలోచన అప్పుడే మొదలైంది. మా ఆయన పట్టు కూడా అప్పుడే కాస్త సడలింది.

తర్వాత స్థలాలు చూడ్డం మొదలుపెట్టాం. నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. బ్రోకర్ చూపించిన స్థలానికి రెండు వైపులా ఉన్న ఇళ్ళకి వెళ్ళి మంచినీళ్ళు అడిగేదాన్ని. బిందెలోంచి ముంచిస్తే ఆ నీళ్ళు తాగదగినవే. "బోరు నీళ్ళు తాగలేరమ్మా" అని టిన్ను నీళ్ళు ఇచ్చారంటే నా లిస్టులోంచి ఆ స్థలం తీసేసేదాన్ని. తీరం పక్కన బోర్లు ఎక్కువగా తోడేకొద్దీ మంచినీళ్ళ పొరలోకి ఉప్పునీరు చొరబడుతుంది. ఒక్కసారి ఉప్పెక్కిందంటే మళ్ళీ మంచినీళ్ళు అవడం చాలా కష్టం. మోటార్లు, గీజర్లు, కుళాయిలు, జుట్టు అన్నిటికీ అదే నీరు. బ్రోకర్లు భోగాపురం ఎయిర్‌పోర్ట్ ఎన్ని నిమిషాలో చెబుతారు గానీ బోరు ఎన్ని అడుగుల్లో తీశారో చెప్పరు.

కాగితాల విషయంలో మేమూ దెబ్బతిన్నాం. రోడ్డుకి దగ్గర్లో, సరుగుడు తోట పక్కన చక్కటి బిట్టు. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) క్లీన్‌గా ఉందని బ్రోకర్ చూపిస్తే 50 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాం. లాయర్ లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పాత కాగితాలు) అడిగేసరికి బయటపడింది, అది డి-పట్టా భూమి. రిజిస్టరైన లావాదేవీలే ఈసీలో కనబడతాయి. ప్రభుత్వం పేదలకి పట్టా ఇచ్చాక ఆ భూమి రిజిస్ట్రేషన్ గడప తొక్కకపోతే ఈసీ ఖాళీగానే వస్తుంది. ఇలా ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాల మీద 1977 నుంచీ చట్టం ఉంది. తర్వాత సవరణలు వచ్చినా, "ఇప్పుడు పర్వాలేదండీ" అన్న బ్రోకర్ మాట మీద మాత్రం వెళ్ళకండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో ముందు చూడండి. మా అడ్వాన్స్‌లో సగం నాలుగు నెలల తర్వాత వచ్చింది, మిగతా సగానికి నీళ్ళొదులుకున్నాం.

సీఆర్‌జెడ్ (తీరం దగ్గర కట్టడాల మీద ఉండే నిబంధనలు) సంగతి కూడా. సముద్రపు పోటు గీత (పోటులో నీళ్ళు వచ్చే హద్దు) నుంచి 500 మీటర్ల దాకా ఆ నిబంధనలు వర్తిస్తాయి. మీరు వెళ్ళినరోజు అల ఎక్కడుందో అక్కణ్ణుంచి టేపు పెడితే కుదరదు, అధికారిక మ్యాపులో గీసిన గీతే లెక్క. పట్టణ ప్రాంతంగా గుర్తించిన చోట కూడా మామూలుగా అప్పటికే ఉన్న రోడ్డుకి ఊరి వైపునే కట్టనిస్తారు. అంటే రోడ్డుకి సముద్రం వైపున్న ఖాళీ బిట్టు ఎంత చవకగా వచ్చినా చూడ్డానికే. ఇంకొకటి, ఈ నిబంధనలు ఒక్క సముద్రానికే కాదు, ఆటుపోట్లు వచ్చే నదులకీ ఉంటాయి. భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలుస్తుంది కాబట్టి ఆ గట్టున చూసేవాళ్ళు కూడా ముందే కనుక్కోవాలి.

కట్టేటప్పుడు మేస్త్రీతో మూడు విషయాల్లో రాజీపడలేదు. కాంక్రీటులో బోరు ఉప్పునీళ్ళు కలపనివ్వలేదు, ట్యాంకర్ తెప్పించాం. చవకగా దొరికే ఒడ్డు ఇసుక వద్దన్నాం. మూడోది కవర్ బ్లాకులు, అంటే ఐరన్‌కీ కాంక్రీటు బయటి అంచుకీ మధ్య ఎడం ఉంచే చిన్న దిమ్మలు. మామూలుగా వాడే చిన్నవి కాకుండా 45 మిల్లీమీటర్లవి పెట్టించాం. తీరగాలి తగిలే కాంక్రీటుకి మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కోడ్ చెప్పేది కూడా అదే, ఎం30 అనే కాంక్రీటు గ్రేడుతో పాటు. "ఇంత దూరంలో అవసరమా మేడమ్" అని మేస్త్రీ విసుక్కున్నాడు. కిటికీలు యూపీవీసీ ప్లాస్టిక్‌వి, గేటుకి గాల్వనైజ్డ్ పైపులు. ఐరన్ కూడా ఒకేసారి దింపించి తుప్పు పట్టనివ్వకుండా ఏ శ్లాబుకి ఆ శ్లాబుకి తెప్పించుకున్నాం.

తగరపువలస వద్దన్నది మీకోసమే, ఊరు బాగోలేక కాదు. హైవే మీద ఉంది, బస్సులకి సులువు. కానీ అక్కడ ఇల్లు కట్టుకుంటే బీచ్‌కి వారానికోసారి కారు తీయాలి, పోనుపోను నెలకోసారి అవుతుంది. అమ్మానాన్నలకి అది కుదరదు. భీమిలి ఊళ్ళో అయితే మా మావగారు చేతికర్ర పట్టుకుని సాయంత్రం వెళ్ళి చీకటి పడే లోపు వచ్చేస్తారు. పెద్ద ఆసుపత్రికి మాత్రం విశాఖ వెళ్ళాల్సిందే. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఒకసారి కారేసుకుని వెళ్ళి, ఎంతసేపు పడుతుందో మీరే చూసుకోండి.

ముందు అద్దెకి దిగండి, అక్టోబర్, నవంబర్ కలిసేలా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేం విశాఖలో ఫ్లాట్‌లో ఉన్నాం. సముద్రం వైపు గదిలో అద్దాలన్నీ లోపలికి పడ్డాయి, వెనక వంటింట్లో ఏడుగురం రాత్రంతా కూర్చున్నాం. మాకు కరెంటు రావడానికి వారం పట్టింది. ఆ నెలల్లో వాయుగుండం అన్న మాట వినగానే మీ నాన్నగారు ఎలా ఉంటారో, మీ అమ్మగారికి నిద్ర పడుతుందో లేదో చూసి, అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి.