కాలర్ పాడవలేదు, సిగ్నలే లేదు

అన్నా, మీరు హైదరాబాద్‌లో కూర్చుని చూస్తుంటే అచ్చంపేట అవతల అడవిలో మేస్తున్న జీవాల మెడకి కట్టిన జీపీఎస్ కాలర్ చుక్క మ్యాప్‌లో పొద్దున్నుంచి కదలట్లేదన్నారు కదా, అది జీపీఎస్ తప్పు కాదు. జీపీఎస్ 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సంకేతాన్ని వింటుందంతే, తిరిగి ఏమీ పంపదు. గొర్రె ఎక్కడుందో కాలర్‌కి తెలుసు, మీకు చెప్పడానికే దారి లేదు, లోపలున్నది మామూలు సిమ్, అక్కడ టవర్ లేదు.

టవర్‌తో పనిలేకుండా నేరుగా శాటిలైట్‌కి మెసేజ్ పంపే శాటిలైట్ కాలర్ పనిచేస్తుంది. కానీ మంద మొత్తానికీ కొనకండి, దండగ. ముందు నడిచే పొట్టేలుకి ఒకటి చాలు. మిగతావాటి మీద కూడా కన్నుండాలంటే లోరా ట్యాగులు (తక్కువ బ్యాటరీతో దూరానికి చిన్న మెసేజ్‌లు పంపే రేడియో బిళ్లలు) కట్టి, దొడ్డి దగ్గర ఎత్తుగా వాటి మెసేజ్‌లు అందుకునే పెట్టె, అంటే ఒక గేట్‌వే పెట్టి, ఆ గేట్‌వే ఒక్కదాన్నే శాటిలైట్‌కి కలపండి. మన దేశంలో లోరా వాడే 865-867 మెగాహెర్ట్జ్‌కి స్పెక్ట్రమ్ లైసెన్స్ అక్కర్లేదు.

యాంటెనా ఆకాశం వైపు ఉండాలి, అందుకే కాలర్ కింది భాగంలో కాస్త బరువు కట్టాలి, లేదంటే తిరిగిపోతుంది. దట్టమైన చెట్ల కింద మెసేజ్ ఆలస్యమైతే టెన్షన్ పడొద్దు. అయిదు నిమిషాలకోసారి పంపమని పెడితే బ్యాటరీ తొందరగా అయిపోతుంది, గంటకోసారి చాలు, గొర్రెలేమన్నా బస్సెక్కి పోతాయా?

ఒక్కటి మాత్రం జాగ్రత్త. మా బావమరిది దుబాయ్ నుంచి శాటిలైట్ ఫోన్ తెస్తానంటే నేనే ఆపాను, టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇక్కడ వాడితే కేసవుతుంది. కాలరైనా సరే, డబ్బు కట్టేముందు అమ్మేవాణ్ణి అనుమతి కాగితం చూపించమనండి.