ఇంజెక్షన్ తగ్గితే మిగిలే డబ్బు ఇప్పుడే ఎస్ఐపీలో పెట్టొచ్చా?

ప్రశ్న: నా భార్యకు క్రోన్స్ వ్యాధి (పేగుల్లో దీర్ఘకాలం ఉండే వాపు జబ్బు). పదిహేను రోజులకోసారి ఇంట్లోనే అడాలిముమాబ్ ఇంజెక్షన్ వేస్తున్నాం, ఒక్కోటి 10,000 రూపాయలు. రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. ఇక నెలకు ఒకటే వేసి, మిగిలే పది వేలు పాప చదువు కోసం ఎస్ఐపీలో పెట్టొచ్చా? – వరంగల్ పాఠకుడు

జవాబు: మీరు పంపిన ఖర్చుల పుస్తకం ఫోటో చూశాను. ప్రతి నెలా రెండు చోట్ల ఎర్ర ఇంకుతో 'సూది 10,000' అని ఉంది. రెండో దాని కిందే పాప స్కూల్ ఫీజు. మీ టెన్షన్ నాకు అర్థమైంది. అయినా డాక్టర్ గారు సరేననకుండా ఒక్క డోసు కూడా ఆపకండి.

మీ ఆలోచన తప్పేమీ కాదు. నెదర్లాండ్స్‌లో లాడీ అనే పరిశోధనలో, వ్యాధి అదుపులో ఉన్నవాళ్లకు ఇదే మందును ముందు మూడు వారాలకు, తర్వాత నాలుగు వారాలకు జరిపారు. 48 వారాల్లో వ్యాధి తిరగబెట్టి ఎక్కువకాలం వేధించింది నూటికి ముగ్గురినే. వాళ్లు చేసింది డాక్టర్ల పర్యవేక్షణలో, మెల్లగా, రక్త, మల పరీక్షలు చూసుకుంటూ. మందు పూర్తిగా మానేయడం వేరే సంగతి. స్పేర్ అనే మరో పరిశోధనలో, ఇదే జబ్బుకు ఇచ్చే ఇలాంటి మందే అయిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఆపేసినవాళ్లలో రెండేళ్లలో నూటికి 36 మందికి జబ్బు తిరగబెట్టింది. అన్ని మందులూ కొనసాగించినవాళ్లలో అది 14 మందికే.

ఇక లెక్క. ఇప్పుడు ఏడాదికి 26 ఇంజెక్షన్లు, 2.6 లక్షలు. మూడు వారాలకోసారి అయితే దాదాపు 17, అంటే 90 వేలు మిగులుతాయి. నాలుగు వారాలకైతే 13, మిగిలేది 1.3 లక్షలు. ఇందులోంచి కాల్‌ప్రొటెక్టిన్ (పేగుల్లో వాపు ఎంతుందో చెప్పే మల పరీక్ష) పరీక్షల ఖర్చు తీసేయండి.

ఆ మిగిలినదాన్ని మొదటి ఏడాదంతా పాప డబ్బు అనుకోకండి, అది మీ ఆవిడ డబ్బే. జబ్బు తిరగబెడితే పాత డోసుకు వెళ్లాలి, స్కోపీ (గొట్టంతో పేగుల లోపల చూసే పరీక్ష), ఆసుపత్రి ఖర్చులు రావచ్చు. ఒంట్లో మందు మోతాదు తగ్గినప్పుడు దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు ఒంట్లో పుట్టి, అదే మందు మళ్లీ సరిగా పనిచేయకపోవచ్చు కూడా. అప్పుడు వేరే, బహుశా ఇంకా ఖరీదైన మందుకు మారాలి. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. అందుకే లిక్విడ్ ఫండ్‌లోనో, రికరింగ్ డిపాజిట్‌లోనో ఉంచండి. ఎస్ఐపీలో పెడితే, షేర్ మార్కెట్ పడిపోయిన నెలలోనే ఆసుపత్రికి డబ్బు కావాల్సొస్తే నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది. ఏడాది తర్వాత పరీక్షలు బాగుంటే అప్పుడు కొంచెం కొంచెంగా ఎస్ఐపీకి మళ్లించండి.

మీరు అడగలేదు కానీ, మీ ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి తీసి చదవండి. మీ ఆవిడ వేసుకునేలాంటి మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లను కవర్ చేయాల్సిన ఆధునిక చికిత్సల్లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చేర్చింది. కంపెనీలు దానికి ఉపపరిమితి (ఇంతవరకే ఇస్తామనే హద్దు) పెట్టొచ్చు. ఇంట్లో వేసుకునేదానికి ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చేసే ఖర్చులకు బీమా) లేకపోతే సాధారణంగా ఇవ్వరు. ఆసుపత్రిలో డేకేర్ (చేరిన రోజే ఇంటికి వచ్చేసేది) కింద వేయించుకుంటే క్లెయిమ్ వస్తుందా అని కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వస్తుందంటే, డోసు తగ్గించకుండానే మీ ఎర్ర ఇంకు సగం తగ్గొచ్చు.