ఛార్జి అనే బండి

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారు ఆర్టీసీలో కండక్టరు. నేను పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. మొన్న పత్రికలో ఒకే పేజీలో బస్సు ఛార్జీలు, లాఠీఛార్జి, ఛార్జిషీటు, ఇన్‌ఛార్జి మంత్రి, విద్యుత్ వాహనాల ఛార్జింగ్ కేంద్రాలు అన్నీ కనిపించాయి. ఒక మాటకు పొంతన లేని ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? వీటిని ఎలా గుర్తుపెట్టుకోవాలి? ఛార్జి, ఫేర్, ఫీజు వీటిలో దేన్ని ఎక్కడ వాడాలి?
– ఒక పాఠకురాలు, మార్కాపురం

జవాబు: పొంతన లేదన్నారు. ఉందమ్మా, చక్కగా ఉంది. అది తెలిస్తే బట్టీ పట్టే పని ఉండదు. ఉన్నత పాఠశాలల్లో 31 సంవత్సరాలు ఇంగ్లిషు చెప్పాను. పిల్లలు ఈ మాటకు అర్థాలన్నీ వరుసగా రాసుకుని, పరీక్ష కాగానే మరిచిపోవడం చూసి ఎంతో బాధపడేవాణ్ణి.

గాల్ (దాదాపు నేటి ఫ్రాన్సు) ప్రాంతపు కెల్టు ప్రజల దగ్గర రోమన్లు నేర్చుకున్న ఒక బండి పేరు లాటిన్‌లో ‘కర్రుస్’ అయింది. మనం ఎక్కే కారు ఆ మాట నుంచి వచ్చిందే. బండికి సరుకు ఎత్తడాన్ని తర్వాతి కాలపు లాటిన్‌లో ‘కర్రికారే’ అన్నారు. అది పాత ఫ్రెంచిలో నలిగి, 13వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి ‘ఛార్జ్’గా దిగింది. అంటే మొదటి అర్థం ‘బరువు ఎక్కించడం’, అంతే. ఓడల్లో వెళ్ళే కార్గో కూడా ఈ కుటుంబంలోదే.

ఈ సంగతి తరగతిలో చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ బడి చెరకు పండే ఊళ్ళో ఉండేది. వెనక బెంచీలో ఒక పిల్లవాడు తెల్లవారుజామున బండికి చెరకు ఎత్తి, తర్వాత బడికి వచ్చేవాడు. వాడు లేచి, “అయితే సార్, నేరం కూడా మనిషి మీద మోపుతారు కదా” అన్నాడు. నేను చెప్పవలసిన పాఠం వాడే చెప్పేశాడు.

నిజమే, మనకు కట్టెల మోపు ఉంది, గడ్డి మోపు ఉంది, నేరం మోపడమూ ఉంది. ఇంగ్లిషు వాళ్ళు చెప్పకముందే ఈ ఊహ మన భాషలో ఉంది. ‘ఆరోపణ’ అనే సంస్కృత పదానికీ అసలు అర్థం ‘పైకి ఎక్కించడం’. వింటికి నారి ఎక్కించడాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారు. ఇప్పుడు ఛార్జిషీటును ‘అభియోగపత్రం’ అనే మాటతో కాక, మనిషి తల మీద పెట్టిన మోపుగా ఊహించుకుని చూడండి. ఇక మరిచిపోరు. పరీక్షకు పనికొచ్చే ఒక తేడా కూడా చెబుతాను. ఛార్జిషీటు వేసేది పోలీసులు, ఆ తర్వాత అభియోగాలు నమోదు చేసేది న్యాయస్థానం.

మిగిలినవీ ఈ బండి మీదివే. బాధ్యత బరువు ఎత్తుకున్నవారు ఇన్‌ఛార్జి. బరువు బాధ్యతలని మనం జంటగానే అంటాం. హిందీలో ఇన్‌ఛార్జిని ‘ప్రభారి’ అంటారు, అందులోనూ భారమే ఉంది. డబ్బు భారం వేస్తే అది రుసుము. ఆస్తి మీద అప్పు భారం ఉంటే దానినీ ఛార్జి అనే అంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 100వ సెక్షను చెప్పేది దాని గురించే. తుపాకీలో మందు దట్టించడం కూడా ఛార్జే. ఆయుధాన్ని దాడికి ఎక్కుపెట్టడమనే అర్థం ఒకటి ఉండేది, ఎక్కుపెట్టినవాడు ముందుకు దూకితే ఆ దూకుడుకూ ఆ పేరే వచ్చింది. లాఠీఛార్జి ఆ దారిలో వచ్చింది.

విద్యుత్తు సంగతి నాకు అన్నిటికంటే ఇష్టం. 18వ శతాబ్దంలో లైడెన్ జాడీలతో, అంటే విద్యుత్తును నిలవ ఉంచే గాజు జాడీలతో, ప్రయోగాలు చేసినవారు జాడీలోకి విద్యుత్తు నింపడాన్ని ఛార్జ్ అన్నారు. వరుసగా కలిపిన జాడీలకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ‘బ్యాటరీ’ అని పేరు పెట్టాడు. అది అప్పటికి ఫిరంగుల వరుసకు వాడే మాట. మన పాఠ్యపుస్తకాలు దీనిని ‘ఆవేశం’ అన్నాయి, లోపలికి ప్రవేశించడమని. మంచి మాటే. కానీ మన ఇళ్ళల్లో ఏమంటారో వినండి. “ఫోనుకు ఛార్జింగ్ ఎక్కలేదు”, “ఛార్జింగ్ దిగిపోయింది”. లాటిన్ బండి సంగతి ఎవరూ చెప్పకుండానే మనవాళ్ళు ఆ మాట పక్కన ఎక్కడం, దిగడం పెట్టుకున్నారు. ఈ వాక్యం విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఎక్కించిన బరువును దించితే డిశ్చార్జి. రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తాడు, బ్యాటరీ ఖాళీ అవుతుంది, తుపాకీ పేలుతుంది. అభియోగం మోపడానికి ఆధారాలు చాలవని న్యాయస్థానం నిందితుణ్ణి ముందే వదిలివేసినా డిశ్చార్జే. విచారణ అంతా జరిగాక నిర్దోషి అని తేల్చడం వేరు, రెంటినీ కలపకండి.

ఇక మీ చివరి ప్రశ్న. ప్రయాణానికి ఇచ్చేది ఫేర్. పాత ఇంగ్లిషులో ‘ఫరాన్’ అంటే వెళ్ళడం. ఫేర్‌వెల్ అంటే క్షేమంగా వెళ్ళమని. తెలుగులో బస్సు ఛార్జి అనండి, అది మన మాట అయిపోయింది, తప్పు లేదు. ఇంగ్లిషులో రాసేటప్పుడు మాత్రం మీ నాన్నగారు ఇచ్చే టికెట్టు మీద ఉన్నది ఫేర్. ఏదైనా సేవకు లేదా వాడకానికి కట్టించుకునే సొమ్ము ఛార్జ్.

వైద్యులకు, న్యాయవాదులకు, బడికి ఇచ్చేది ఫీ. దాని బహువచనాన్ని మనం ‘ఫీజు’ చేసుకున్నాం. ఫ్రెంచి గుండా వచ్చినా, దీని మూలం పశువు అనే అర్థం ఉన్న పాత జర్మానిక్ మాట అని నిఘంటుకారులు ఎక్కువమంది అంటారు. జర్మన్‌లో ఇప్పటికీ ‘ఫీ’ అని పలికే మాటకు అర్థం పశువులే. పశువులే ధనమైన కాలం అది. మన పల్లెలు కొన్నింటిలో పశువులను ‘సొమ్ములు’ అంటారు, డబ్బూ సొమ్మే. మీ మార్కాపురం వైపు ఈ మాట ఇంకా వినబడుతోందా? మీ నాన్నగారిని అడిగి, తప్పకుండా రాయండి.